చేతికట్టు

పోర్టు స్టేడియం వెనక గది.
కిటికీ అంచున పొద్దుటి బొగ్గు ధూళి.
ఆ చివర నేను, గాలిని గుద్దుతూ,
నా పేరు నేనే అరుచుకుంటూ.
ఈ చివర బల్ల మీద
జ్ఞానాపురం నూకరత్నం
చేతికి గుడ్డ చుట్టుకుంటోంది.

బొటనవేలి మీంచి ఒకటి,
మణికట్టుకి మూడు,
వేళ్ల సందుల్లోంచి...
ఒక మడత వంకరపోయింది.
మొత్తం విప్పేసింది.
బయట మా పేర్లు పిలిచేస్తున్నారు.
మళ్లీ బొటనవేలి దగ్గర మొదలు.

అప్పుడు కనబడింది,
బల్ల కింద వణుకుతున్న ఆమె ఎడమకాలు.
తిట్టలేదు దాన్ని, నొక్కి పట్టలేదు.
వణకనిచ్చింది.
"భయం లేదేటే నీకు?"
"లేకేటి? పక్కన కూకోమన్నాను,"
మరమరాల పొట్లం మోచేత్తో నా వైపు జరిపింది.

రేవులో ఏదో ఓడ కూత పెట్టింది.
నేను ఉలిక్కిపడ్డాను.
ఆమెకి చుట్ల లెక్క తప్పలేదు.

ఆ గదిలోనే ఓడిపోయానని
చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను.
అబద్ధం.
రెండో రౌండులో నాదీ ఒకటి గట్టిగా తగిలింది,
సరిగ్గా దవడ మీద.
ఆమె తలూపింది,
బాగా కొట్టావన్నట్టు.
మిగతా దెబ్బలన్నీ మానాయి.
ఆ తలూపు ఇంకా సలుపుతూనే ఉంది.

ఇప్పుడు కంచరపాలెంలో, సాయంత్రాలు,
పిల్లల చేతులకి నేనే చుడతాను.
ఇవాళ ఒకడికి మొదటి పోటీ.
ఈల వినబడగానే చెయ్యి లాక్కోబోతాడు,
"చాల్లెండి మేడం, పిలుస్తున్నారు!"

చూపుడువేలి దగ్గర
ఒక మడత వంకరగా ఉంది.

విప్పుతాను.