కొసరు

డెబ్బై అయిదు అన్నారు.
డెబ్బై అయిదే.
ఆ తర్వాత అచ్చులు పగలగొట్టేస్తామని
లండన్ నుంచి వచ్చిన సూటాయన బల్లెక్కి చెప్పాడు.
చప్పట్లు కొట్టినవాళ్లలో గ్వెండా లేదు.
ఆమె పళ్ల మధ్య అప్పుడు
మైనం పూసిన దారం కొస ఉంది.

సెవర్న్ నదికి అవతల, ఎర్ర ఇటుకల షెడ్డులో
ముప్ఫై ఒక్క ఏళ్లుగా తోలు కుడుతోంది.
అంగుళానికి ఎనిమిది కుట్లు.
తొమ్మిదైతే తోలు చిరుగుతుంది,
ఏడైతే ఇన్‌స్పెక్టర్ హాగెట్ దగ్గుతాడు.
అంతకుమించి ఆయన ఎవర్నీ ఏమీ అనడు.

స్టీరింగుకి రెండు సూదులు, ఎదురెదురుగా.
ఒకటి పోయిన కన్నంలోంచే రెండోది రావాలి.
చక్రం ఒక్కటి చుట్టేసరికి
మధ్యాహ్నం అయిపోతుంది, టీ చల్లారిపోతుంది.

ఒక్కో బండికీ గడప దగ్గర ఇత్తడి బిళ్ల:
డెబ్బై అయిదింట పదకొండు.
డెబ్బై అయిదింట నలభై.
పుట్టకముందే అమ్ముడైపోయినవి అన్నీ.
పదకొండోది జెనీవాలో, నేలమాళిగలో,
వైన్ సీసాల పక్కన
తేమ కొలిచే యంత్రం కాపలాలో నిద్రపోతోంది.
నలభయ్యోది దుబాయ్‌లో ఒకరి గాజుగదిలో.
పందొమ్మిదోదాన్ని కొన్నాయనకి డ్రైవింగే రాదట.
ఇరవై ఆరోది నాలుగు చేతులు మారింది,
నాలుగుసార్లూ లారీ మీదే.
గంటకి రెండువందల మైళ్లు పోగలదు.
పోగలగడం వేరు.

తక్కువైతే విలువ పెరుగుతుందని
గ్వెండాకి ఎవరూ చెప్పక్కర్లేదు.
ఆరుగురు పిల్లల ఇంట్లో
క్రిస్మస్‌కి ఒక్క నారింజ పండు చూసిన మనిషి.

లెక్కలోకి రానిది ఒకటుండేది.
దానికి బిళ్ల లేదు.
బిళ్ల ఉండాల్సిన చోట సుద్దముక్కతో గీసిన సున్నా.
పరీక్షల బండి.
వేల్స్ గుట్టల్లో, గొర్రెల మధ్య,
గోతుల్లో, ఉప్పు చల్లిన రోడ్ల మీద
తొంభై వేల మైళ్లు దాన్ని ఏడిపించారు.
ఒక తలుపు ఆకుపచ్చ, ఇంకో తలుపుకి రంగే లేదు.
లోపల వెనిగర్ వాసన, సీటు సందుల్లో చిప్స్ తునకలు.

ఆ ఫిబ్రవరిలో మంచు మోకాలి దాకా పడింది.
బస్సు రాలేదు.
టెస్ట్ డ్రైవర్ ఇడ్రిస్ హారన్ కొట్టి
"ఎక్కు గ్వెండా, దారే కదా" అన్నాడు.
దారి కాదు. ఇద్దరికీ తెలుసు.

అలా మొదటిసారి
తన కుట్ల మీద తాను కూర్చుంది.
వీపు కింద ఒక్కో వరసా పలకరించింది:
ఇది మంగళవారంది,
ఇది పంటినొప్పి రోజుది,
ఇది తమ్ముడు పోయిన వారానిది, కాస్త బిగువెక్కువ.
బండి పిల్లిలా నడిచింది,
మంచు మీద ఒక్కో అడుగూ వాసన చూసుకుంటూ.
స్టీరింగు మీది తోలు
ఇడ్రిస్ అరచేతుల జిడ్డుకి నల్లబడి, మెత్తబడి,
కుట్టంతా లోపలికి దిగిపోయి ఉంది.
వేలితో తడిమితే తప్ప తెలియదు.
కుట్టు దిగాలంటే చెయ్యి పడాలి, చెమట పట్టాలి,
బెదురులో ఓసారి గట్టిగా పట్టుకోవాలి ఎవరో.
గాజుగదుల్లో ఏ కుట్టు దిగుతుంది?
మిగతావన్నీ అంకెలు.
అదొక్కటే పూజ్యం.

ఏప్రిల్లో దాన్ని నలిపేశారు.
రూలు రూలే: డెబ్బై అయిదంటే డెబ్బై అయిదు.
యంత్రం కిందికి తోసేముందు
హాగెట్ రెండుసార్లు దగ్గి
అవసరం లేకపోయినా అటు తిరిగి నిలబడ్డాడు.
గ్వెండా జేబులో కత్తెర ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు ఆమె చిల్లర సంచీ
జానెడు నల్ల తోలు, మధ్యలో దిగిపోయిన కుట్టు.
పొద్దుటి బస్సులో నాణేలు లెక్కపెడుతుంటే
"బాగుందే, ఎక్కడ కొన్నావు?" అంటాడు డ్రైవరు.
"కొనలేదు. కొసరు."
అతనికి సరిగా వినబడదు.
వాన మొదలైంది, వైపర్లు వేస్తాడు.