గోరుకు తెలిసేది

అచ్చంపేటల, బస్టాండెనక రేకుల షెడ్డుల
పాషాభాయ్ ముంగట రెండు వీల్ సిలిండర్లు.
ఒకటి రాణిగంజ్ నుంచి అట్టడబ్బల వచ్చింది,
నల్లరంగు వాసన ఇంకా పోలే.
ఇంకోటి జడ్చర్ల లేత్ కాడ ఇత్తడి స్లీవేసింది,
పైన తుప్పు మరకలు అట్లనే ఉన్నయి.

జంగయ్యది అంబాసిడర్,
నా కంటె పదేండ్లు పెద్దది.
ఎల్లుండి ఏడుగుర్ని ఎక్కించుకొని
దోమలపెంట దాటి ఘాట్ దిగాలె.
"డబ్బల్దే పెట్టరాదు భాయ్, కొత్తగుంది."

పాషాభాయ్ మాట్లాడలే.
చెయ్యి లుంగీకి తుడ్సుకొని
చిటికెనేలు లోపటికి పెట్టిండు.
ఆ ఒక్క గోరే ఆయన కత్తిరియ్యడు.
కండ్లు మూసి మెల్లగ తిప్పిండు
పాత రేడియోల స్టేషన్ ఎతికినట్టు.
"ఇగో, ఈడ. నువ్వు సూడు బిడ్డా."
నాకేం తెల్వలే.
"మల్ల సూడు."
అప్పుడు తగిలింది,
జొన్నరొట్టెల ఇసుక రవ్వ పంటికి తగిలినట్టు
ఒక చిన్న గుంట.
ఆ గుంట కాడనే రబ్బరు కప్పు కోసుకపోతది,
ఆయిలు చెమట పడ్తది,
ఏడో మలుపు కాడ
కాలు కిందికి పోతనే ఉంటది.

"రంగు బయటికేస్తరు.
బండి ఆగేది లోపట."

లైనింగు అతికిన షూలను వరసగ స్పానర్‌తోని కొట్టిండు.
మూడు గంట లెక్క మోగినయి.
నాలుగోది పగిలిన కుండ.
దాన్ని తుక్కులకు ఇసిరిండు, ధర సుత అడగలే.

ఇగ చక్రంలకెల్లి ఇప్పిన పాత సిలిండరు.
గోరు పెట్టంగనే మొఖం మాడింది.
"ఎవడు చేసిండో గాని
గీతలు అట్లనే ఇడ్సిపెట్టిండు, పనిదొంగ."
నేను కిరసనాయిల్ల కడిగిన.
మసి పోయినంక అంచు మీద పంచ్ గుర్తు తేలింది:
మూడు చుక్కలు, పక్కన నెలవంక.
గోడకు యాలాడే పంచ్ ఎవరిదో
జంగయ్యకు తెల్వదు. నాకెరికే.
ఏం అనకుండ చేతికిచ్చిన.

చానాసేపు చూసిండు.
కరెంటు లేకుండె అనలే.
కండ్లు మసకుండె అనలే.
"కూలి రాయకు" అన్నడు, బుక్కు దిక్కు చూడకుండ.

జడ్చర్లది ఎక్కించినం, గాలి తీసినం.
పాషాభాయ్ సీట్ల కూసొని
పెడలు తొక్కిపట్టి లెక్కపెట్టవట్టిండు.
తొంభై తొమ్మిది. నూరు.
పెడలు ఇంచు సుత జారలే.
జంగయ్య తాళాలకు చెయ్యి చాపిండు.

"ఆగు" అన్నడు పాషాభాయ్.
కాలు తియ్యకుండ
మల్ల ఒకటి కాడికెల్లి మొదలువెట్టిండు.