ఏప్రిల్ దాకా

చెప్పుల ఫ్యాక్టరీ అమ్మేశారు.
దాని నేలమాళిగలో పందొమ్మిదేళ్లు
మంగళవారం మంగళవారం టంకం పొగ పీల్చిన మేము
ఫిబ్రవరిలో, పిల్లల మంచుబండ్ల మీద
సామానేసుకుని వంతెన దాటాం.
కింద ఎమయోగి ఏరు పలకలా గడ్డకట్టి ఉంది.

టార్టు ఊరు కిటికీల్లోంచి చూసింది:
ముందు మారికా, బండి మీద ఆసిలోస్కోప్‌కి
తన శాలువ కప్పి, తను వణుకుతూ.
వెనక ఉర్మాస్, తాడు నడుముకి చుట్టుకుని
ట్రాన్స్‌ఫార్మర్లతో కుస్తీ.

బల్ల మాత్రం గుమ్మంలో పట్టలేదు.
లోపలే పుట్టింది, బయటి దారి దానికేం తెలుసు?
కోసేశాం.
హెల్డుర్ మోచెయ్యి ఆనీ ఆనీ
నున్నబడ్డ జానెడు చెక్క
ఎవరినీ అడక్కుండా నా సంచిలోకొచ్చింది.

కొత్త చోటు, మూతబడ్డ బేకరీ.
గోడలకింకా రై రొట్టె వాసన.
నిరుడే చేరిన లీస్
సొరుగు సొరుగూ లాగి మీటరు పెట్టింది.
"దీని మీద రెండొందల ఇరవై ఓములని ఉంది,
లోపలున్నవి నాలుగొందల డెబ్భై!"
తెలుసన్నాం, అందరం ఒక్కసారే.
హెల్డుర్ కళ్లజోడు మర్చిపోయిన రోజు రాత అది.
"మరి దిద్దలేదేం?"
ఉర్మాస్ ఎందుకో స్క్రూలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

పిల్ల ఆ చీటీ జోలికి పోలేదు.
లోపలి రెసిస్టర్లనే తీసి, సరైనవి పోసింది.
ఇప్పుడు హెల్డుర్ రాసింది నిజం.

ఆ రాత్రి నాలుగొందల డెబ్భై కావాలని
చూడకుండానే చెయ్యి చాచాను,
పాత అబద్ధాన్ని నమ్మి.
స్విచ్ వేస్తే
ఎర్ర ఎల్ఈడీ ఎన్నడూ లేనంత వెలిగి
టప్‌మని ఆరిపోయింది.
మారికా నవ్వు ఆపుకోలేక అవతలికెళ్లింది.
ఎంతకీ రాలేదు.

ఆంప్లిఫయర్ పెడితే ఒకటే రొద, గుయ్‌మని.
ఈ బేకరీకి ఎర్త్ లేదు.
ఉర్మాస్ రాగి కడ్డీ, సమ్మెట పట్టుకుని పెరట్లోకి నడిచాడు.
నాలుగు దెబ్బలు విన్నాం,
రాయి మీద కొట్టినట్టు.
అయిదోది వినపడలేదు.
మీసాల మీద మంచుతో తిరిగొచ్చి
"మూరెడు లోతు బిగిసిపోయింది నేల.
ఏప్రిల్‌లో దిగుతుంది" అన్నాడు.

కడ్డీ తలుపు పక్కన, మంచు తోడే పార పక్కన ఉంది.
రొద అలాగే ఉంది.
కాస్త గొంతు పెంచి మాట్లాడుకుంటున్నాం.