మూడింట్లో ఒకటి

చిత్తూరు, గిరింపేట. మామిడికాయల సీజను.
తోతాపురి లారీలు జ్యూసు ఫ్యాక్టరీకి వరస కట్టిన రోడ్డు పక్కన
నా షెడ్డు ముందర ఓమ్ని ఆపి
(ఆపలేదులే, అదే ఆగిపోయె)
చెంగల్రాయులు దిగినాడు.
"వలీబాయ్, సెల్ఫ్ కొడితే టక్ అంటాది, అంతే.
తోస్తే లేస్తాది. లేచినంక మిస్సింగు.
బ్యాటరీ మార్చినా, సెల్ఫ్ మోటరు మార్చినా,
మురకంబట్టులో ఒకాయన పెట్రోలు ట్యాంకు కూడా కడిగినాడు.
ఇంక నన్ను మార్చేదే మిగిలింది."

బండి వెనకాల ఆరుమంది ఆడోళ్లు.
ఫ్యాక్టరీలో కాయ కోసేవాళ్లు,
వేళ్లసందుల్లో సొన పుండ్లు.
నెల దినాలుగా పొద్దున ఐదుకు తోసేదీ వాళ్లే,
రాత్రి తోసేదీ వాళ్లే.
"కాయకు కూలి ఇస్తారు సామీ," అనింది కుప్పమ్మ,
"తోసేదానికి ఎవురిస్తారు?"

మొదట సెల్ఫ్ సంగతి.
నేను మోటరు జోలికి పోలేదు.
బ్యాటరీ నుంచి బాడీకి దిగే ఎర్తు వైరు పట్టుకుంటిని.
పైన నల్లతొడుగు నున్నంగా పెండ్లికొడుకు మాదిరి.
ఒలిస్తే లోపల పచ్చని చిలుము,
నట్టు కింద తుప్పు, తుప్పు మీద ఎవరో పూసిన పెయింటు.
కరెంటు పోయేదానికి దోవ ఉండాది,
తిరిగొచ్చేదానికే లేదు.
హెడ్‌లైటు వెలుగుతాంది కదా అని
అందరూ మోసపోయింది అక్కడే.
దీపానికి చాలే సందు సెల్ఫుకు చాలదు.
ఉప్పుకాగితంతో ఇనుము తెల్లబడేదాకా గీకితిని,
కొత్త వైరు బిగిస్తిని.
తాళం తిప్పితే బండి దానంతట అది లేచె.
లేచి, కుంటె.

మూడు సిలిండర్లు.
రెండు పని చేస్తా ఉండాయి,
ఒకటి ఊరికే వాటెంబడి తిరుగుతా ఉండాది.
మా ఉస్తాదు దస్తగిరి నేర్పిన లెక్క ఒకటే:
బండి తిరిగేటప్పుడు ప్లగ్గు వైర్లు ఒక్కోటి పీకు.
పీకితే ఇంజను ఏడ్చిందా, అది బతికుంది.
పీకినా తేడా తెలీలేదా, చచ్చింది అదే.
పదైదేండ్ల వయసులో ఆ మాటకు నవ్వితిని.
ఇప్పుడు జరమొచ్చి రెండు దినాలు షెడ్డు తీయకుంటే
ఎవరడిగినారా అని ఎంచుకుంటా ఉంటా.

ఒకటి పీకితే ఊగిపాయె.
మూడు పీకితే ఆగబోయె.
రెండు పీకితే ఏమీ లే.

ప్లగ్గు తీస్తే తడిసి, నల్లంగా, పెట్రోలు వాసన.
కొత్తది పెట్టినా అదే కుంటు.
క్యాపు తుడిస్తిని, రోటరు మారిస్తిని,
ట్యూబులైటు దించి ఇంజను మీద పెట్టి చూస్తిని.
మూడో టీ కూడా అయిపాయె.
ఆడోళ్లలో ఎవరో ఇంట్లో బియ్యం నానబెట్టిందని గొణిగె.

అంతలో కరెంటు పోయె.
వీధంతా గుడ్డిచీకటి, లోపల రెండుకాళ్ల ఇంజను గుర్రు.
సెల్లు లైటు కోసం జేబులు తడుముకుంటా ఉంటే
నాగవేణి బానెట్టు మీదికి వంగి
"అదేందినా, మిణుగురా?" అనింది.

రెండో వైరు మెడ కాడ,
ఇనప క్లాంపుకు ఆనే చోట,
నీలంగా, సన్నంగా, చిటచిటమంటా
నిప్పు ప్లగ్గుకు పోకుండా పక్కకు దూకుతాంది.
వెంట్రుకంత పగులు.
ఇంత వెలుతురు పెట్టి వెతికితే దొరకనిది.
"ఎవురూ లైటు వెయ్యొద్దండి" అంటిని.
పని అయిపోయిందని తెలిసీ
ఎనిమిదిమందిమీ కాసేపు దాన్నే చూస్తా నిలబడితిమి.

మూలన పడున్న ఇంకో ఓమ్ని వైరు పీకి దీనికేస్తిని.
ముందు పెట్టిన తొమ్మిది వేల మాట
ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చెంగల్రాయులు తాళం తిప్పె.
టక్ లేదు. మూడూ ఒక్క మాట మీద లేచె.
వెనకాల ఆరుమందీ అప్పటికే చెంగులు బిగించి
చేతులు చాపి ఉండారు.
బండి కదిలిపాయె.
చేతులు గాల్లోనే.

ఐదుమంది నవ్వుకుంటా పరిగెత్తి ఎక్కిరి.
కుప్పమ్మ ఎక్కలేదు.
"నాలుగు దినాలు పోనీ, అప్పుడు నమ్ముదాం" అని
మలుపు దాకా
బండి వెనకాలే నడిచె.