వణుకు

తో-అషూ కనుమ కింద, నవంబరు రాత్రి,
బొగ్గు లారీ బోల్తా.
తొడ నుజ్జయిన డ్రైవరు పేరు తొక్తోసున్.
ముందు పుట్టినవాళ్ళు దక్కని ఇళ్ళలో
పెట్టుకునే పేరది. ఆగిపో, ఉండిపో అని.

పట్టీ బిగించాను.
నెత్తురు తగ్గింది గాని ఆగలేదు.
"వణుకు తగ్గిందక్కా, నెమ్మదించాడు"
అన్నాడు అంబులెన్సు నడిపే ఎల్దియార్.
నెమ్మది కాదురా అది,
పొయ్యిలో కట్టెలు అయిపోవడం.

ఈ చలికి వాగు గడ్డకట్టింది,
లారీ ట్యాంకులో డీజిలు గడ్డకట్టింది.
మనిషి చల్లబడితే మాత్రం
నెత్తురు గడ్డకట్టడం మరిచిపోతుంది.
ఎవరితో చెప్పుకోను ఈ తిరకాసు?

తడి బట్టలు కత్తెరతో చీల్చేశాను.
రోడ్డు పక్క ఇంటి ముసలమ్మ బీబీసారా
పెళ్ళినాటి ఉన్ని తివాచీ ఈడ్చుకొచ్చింది.
నెత్తురంటుతుందమ్మా అంటే
"ఉతుక్కుంటాలే. ముందు వాణ్ణి నేల మీంచి లేపు."

సెలైను సంచీ నా చొక్కా లోపల,
కడుపుకి ఆనించి.
చల్లగా కాదు, వాత పెట్టినట్టుంది.

థర్మామీటరు ముప్ఫై మూడు దగ్గర.
కారా-బాల్తా ఆసుపత్రి ఇంకా గంటన్నర.
హీటరు వేడికి చెమటలు కక్కుతూ
"కాస్త అద్దం దించనా?" అన్నాడు ఎల్దియార్.
"దించావంటే చంపుతా."

సొరంగం దాటాక ఎక్కడో
టకటకమని చప్పుడు.
స్ట్రెచరు కమ్మీ, గతుకులు, అనుకున్నాను.
కానీ మంచు తోడే బండికి దారిచ్చి
మా బండి ఆగే ఉంది.

అతని పళ్ళు.

వణుకు, తొక్తోసున్.
ఇంకా వణుకు.