తూనిక

పెత్రోజవోద్స్క్‌లో, బాయిలర్ గది పక్క నేలమాళిగలో
తైసియా బూట్లు విప్పింది.
సిమెంటు చలి అరికాలికి తెలియాలట,
లేకపోతే కాలు అబద్ధమాడుతుందట.

ఆ గిరియాతో ఒకప్పుడు సంతలో రై గింజలు తూచేవారు.
పూద్ బరువు, పదహారు కిలోల పైచిల్లర.
పిడి దగ్గర రంగంతా పోయి
ఎవరెవరి అరచేతులో మిగిలాయి.
ఎవరో కాసేపు పట్టుకోమన్న పిల్లలా
దాన్ని రొమ్ముకానించుకుంది.

కుడికాలు ముందుకు చాచింది.
ఇక భూమ్మీద ఉన్నది ఎడమదొక్కటే,
రెండేళ్ళ కిందట ఒనేగా సరస్సు మంచుమీద
మూడు ముక్కలైన చీలమండ.

దిగుతోంది.
బావిలోకి చేద వదిలినట్టు
తాడు కొంచెం కొంచెంగా.
మోకాలు లోపలికి వాలబోయింది,
బొటనవేలు నేలను గిల్లింది,
ఆగింది.
పిక్క తొడకంటుకుంది.
ట్రాలీబస్సు వెళ్ళిపోయాక తీగ వణికినట్టు
చాచిన కాలు గాల్లో.

ఇక్కడే అందరం పడతాం.
నేనెన్నిసార్లు వెల్లకిలా పడ్డానో
వెనకున్న పాత పరుపుకి తెలుసు.
బళ్ళో పిల్లలు దీన్ని పిస్తోలు అంటారు,
ఆడుతూ పాడుతూ చేసేస్తారు.
వాళ్ళకింకా బరువంటే పుస్తకాల సంచీయే.

బాయిలర్‌లో నీళ్ళు గుర్రుమన్నాయి.
ఆమె పైకి రావడంలేదు.
"తైసియా?" అన్నాను.
"ఉండు, ఇక్కడ బాగుంది" అంది.

ఎప్పుడు లేచిందో,
నేను లెక్క మరిచిపోయాను.
గుండు చప్పుడు కాకుండా కిందపెట్టింది.
అది తనని ఎంత తూచిందో చెప్పలేదు.
మేజోడు తొడుక్కుంటూ
"రేపు రెండోకాలు.
దానికి పొగరెక్కువ,
విరగలేదు కదా" అంది.