పది దెబ్బలు

కుడిచెయ్యి తలకింద పెట్టుకోమంది ఇళవరసి.
చొక్కా పైకి జరిపి, పక్కటెముకల సందు వెతికి
చల్లటి జెల్లీ రాసింది.
పొద్దున్నించీ కాఫీ చుక్క లేదు.
కిటికీ అవతల పెరంబూరు బస్సులు
హారన్లతో కొట్లాడుకుంటున్నాయి.

"కదలొద్దయ్యా, చిటికె వేసినట్టుంటుంది, అంతే."

టక్.

అమ్మాయీ, ఇది నా పని.
ముప్పైరెండేళ్లు బేసిన్ బ్రిడ్జి యార్డులో
పొడుగు కర్ర సుత్తి పట్టుకుని
రాత్రి బండ్ల చక్రాలు కొట్టుకుంటూ నడిచినవాణ్ని.
మంచి చక్రం కంచుచెంబులా మోగేది.
పగులున్నది తడిగుడ్డ మీద దెబ్బలా
ముద్దగా పలికేది.
వెంటనే దాని మీద సుద్దగీత.

టక్.

ఇక్కడ లెక్క తలకిందులు.
అల పరుగెత్తితే లోపల గట్టిపడ్డట్టు,
నిదానంగా పోతే మెత్తగా ఉన్నట్టు.
ఇనుము దగ్గర బతికినవాణ్ని,
మెత్తనే మేలని ఈ వయసులో నేర్చుకుంటున్నా.

టక్.

కాలేయానికి కొవ్వు పట్టిందంటే
బావమరిది వరదప్ప కన్నుగీటి
"ఏ షాపులో బావా?" అన్నాడు.
షాపే. టీ షాపు.
నైట్ డ్యూటీకి నాలుగు టీలు, నాలుగింట్లోనూ చక్కెర,
మూడుగంటలకి పరోటా,
తెల్లారాక నిద్ర.
షుగరొచ్చింది, బొజ్జ వచ్చింది,
లోపల ఎవరికీ చెప్పకుండా మచ్చ వచ్చింది.

టక్. టక్.

మా మేస్త్రి సెల్వనాథన్‌కి ఆ రోజుల్లో
సూది దించి ముక్క తీశారు.
రాత్రంతా కుడిపక్కకి ఒత్తిగిలించి
గంటగంటకీ బీపీ చూశారు.
అగ్గిపుల్ల మందం కూడా లేని ముక్క,
దాన్ని బట్టి మొత్తం మనిషిని చదివారు.
నాకు ముందు రక్తం మాత్రమే తీశారు.
వయసు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు
ఫోన్‌లో వేసి చూసి
పెదవి విరిచి ఇక్కడికి పంపింది డాక్టరమ్మ.

"నీకు చప్పుడు వినిపిస్తుందా అమ్మా?"
"లేదయ్యా, స్క్రీన్ మీద గీత పడుతుంది."
ఆ పిల్ల మీద ఎందుకో జాలేసింది.

పదోది. టక్.

పోయినేడు పదకొండు పాయింటు నాలుగు.
ఇవాళ తొమ్మిది పాయింటు ఒకటి.
కిలోపాస్కల్ అట. కిలో అంటే
నాకు వంకాయలే గుర్తొస్తాయి.
"ఒక్క నంబరు చూసి పండగ చేసుకోకండి,
ఆరు నెలలకి మళ్లీ రండి."
తెలుసు తల్లీ. ఒక్కసారి మోగిన చక్రాన్ని
మేమూ నమ్మేవాళ్లం కాదు.
గూడూరులో ఇంకోడు కొడతాడు, బెజవాడలో ఇంకోడు.

బయట ఆండాళు, డబ్బాలో ఉడికించిన శనగలతో.
"ఎంతంట?"
చెప్పాను.
ఏడు కిలోలు తగ్గింది నా గొప్ప కాదు,
రోజూ సాయంత్రం ఫ్లైఓవర్ దాకా
తోలుకెళ్లిన ఆవిడది.
నంబరు వేళ్ల మీద రెండుసార్లు చూసుకుని
"డబ్బా పట్టుకో" అంది, చెప్పులేసుకుంటూ.
ఆటో వద్దంది.

వంతెన మీద అరక్కోణం లోకల్.
అలవాటు, చెవి అటే పోయింది.
పన్నెండు పెట్టెలూ దాటేదాకా
ఆవిడ ఆగింది.